మస్టాంగ్ మోజు, కరోలా లెక్క

ప్రశ్న: ఫ్రిస్కోలో ఉంటాం, హెచ్‌1బీ. చేతిలో 30 వేల డాలర్లున్నాయి. పాతిక వేలకు కొత్త కరోలా కొందామని మా ఆవిడ అంటోంది. నా మనసేమో 36 వేలు చెబుతున్న 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) మీద ఉంది, దాని ధర పెరుగుతుంది కదా! తక్కువ పడింది లోన్ తీసుకుంటా. రోజూ ఆఫీసుకు వెళ్లేది దాంట్లోనే. రెండేళ్ల పాప ఉంది.

జవాబు: ఈసారికి మీ ఆవిడ మాట వినండి. మస్టాంగ్ అసలే వద్దని కాదు, ఆఫీసు బండిగా వద్దంటున్నా. ధర పెరిగేది గ్యారేజీలో కవర్ కప్పుకుని, ఆదివారం ఓ రౌండు వేసొచ్చే బండికి. రోజూ హైవే మీద అరగదీసిన బండికి ఎందుకు పెరుగుతుంది? ఏడాదికి 12 వేల మైళ్లు తిరుగుతారనుకుందాం, పాత వీ8 గ్యాలన్‌కి 14 మైళ్లిస్తే గొప్ప, కరోలా 35 దాకా ఇస్తుంది, గ్యాలన్ గ్యాస్ (పెట్రోల్) 3 డాలర్లే అనుకున్నా ఏటా 1,500 పైన తేడా. క్లాసిక్ కార్ల ఇన్సూరెన్స్ చవకే గానీ, రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలని సాధారణంగా షరతు పెడతారు.

నా అసలు టెన్షన్ వేరే. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోడానికో దేశం వదలడానికో మీకు మామూలుగా దొరికే గడువు 60 రోజులు. అప్పటికి బ్యాంకులో సున్నా, నెత్తిన లోను, ఇంట్లో మస్టాంగ్. సరైన ధర ఇచ్చేవాడి కోసం ఆగే టైమ్ మీకుండదు, ఎంతకడిగితే అంతకు వదిలించుకోవాలి. కరోలా ధరా పడిపోతుంది, కాదనను, కానీ పదేళ్లు వాడే బండికి ఆ బాధ పెద్దది కాదు. 10 వేలు డౌన్ కట్టి మిగతాది లోన్ పెట్టండి, 20 వేలు కదపకండి. డీలర్ దగ్గరికి వెళ్లేముందు క్రెడిట్ యూనియన్‌లో (సహకార బ్యాంకు లాంటిది) వడ్డీ కనుక్కోండి.

ఇంకోటి, డబ్బు సంగతి కాకపోయినా చెప్పాలి: పాప సీటు బిగించే లాచ్ కొక్కేలు కొత్త కార్లలో తప్పనిసరైంది 2002లో. మస్టాంగ్‌లో అవీ లేవు, ఎయిర్‌బ్యాగులూ లేవు.

గ్రీన్ కార్డ్ వచ్చాక, రొక్కం పెట్టి మస్టాంగ్ కొనండి. వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబరు) అయిదో అక్షరం చూడండి, అక్కడ ‘టీ’ ఉంటే అది ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చిన బండి, వీ8 తర్వాత పెట్టిందే, ఆ మేరకు ధర తగ్గించమనండి. ముందు అద్దం కింద గాలి వెళ్లే కంతల్లో ఓ చెంబుడు నీళ్లు పోసి, లోపల కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. తడి తగిలితే లోపలి రేకు తుప్పు పట్టినట్టే, ఆ రిపేరు మామూలుగా తెమలదు. నీళ్లు పోయనివ్వనంటే బేరం అక్కడే ఆపేసి ఇంటికొచ్చేయండి.