గీటురాయి మీద లినక్స్

పాత కంప్యూటర్లలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం గురించి పోయిన నెల రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: దీన్ని పరీక్షించేది ఎవరు? అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ అనే లినక్స్ రకం వేసుకోమని సీనియర్లు చెబుతున్నారు. అందులో వారానికి ఎన్నోసార్లు కొత్త స్నాప్‌షాట్, అంటే మొత్తం వ్యవస్థ కొత్త వెర్షన్, వస్తుందట. ఇంత తొందరగా మారేదాన్ని ఎవరు కూర్చుని పరీక్షిస్తారు? ఉచితంగా ఇచ్చేదానికి గ్యారంటీ ఏముంది?

జవాబు: బాబూ, ప్రతిసారీ మనుషులే కూర్చోవాలంటే అయ్యే పని కాదు. టంబుల్‌వీడ్‌లో కొత్త స్నాప్‌షాట్ తయారవగానే అది ముందు ఓపెన్‌క్యూఏ అనే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వెళ్తుంది. ఓపెన్‌క్యూఏ దాన్ని వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేస్తుంది. మనిషిలాగే మీటలు నొక్కుతుంది, మౌస్ కదుపుతుంది, పాస్‌వర్డ్ కొడుతుంది, డెస్క్‌టాప్ వచ్చాక ఫైర్‌ఫాక్స్ తెరుస్తుంది. అడుగడుగునా స్క్రీన్‌ని ఫొటో తీసి, రావలసింది వచ్చిందా లేదా అని పోల్చుకుంటుంది. ముఖ్యమైన పరీక్ష తప్పిందంటే ఆ స్నాప్‌షాట్‌ని ఆపేస్తారు, నీదాకా రాదు.

ఆ పోల్చుకోవడం ఎలాగో చెబుతాను. మా మేనమామ ప్రొద్దుటూరులో బంగారం పని చేసేవాడు. సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చునేదాన్ని. ఎవరైనా పాత ఉంగరం తెస్తే నల్లటి గీటురాయి మీద దానితో ఒక గీటు గీసేవాడు. పక్కనే, ఎంత నాణ్యమో ముందే తెలిసిన మచ్చు ముక్కతో ఇంకో గీటు. రెండింటి మీదా యాసిడ్ చుక్క వేసి, ఏది నిలిచింది, ఏది వెలిసింది అని కళ్లు చిట్లించి చూసేవాడు. ఓపెన్‌క్యూఏ దగ్గర కూడా అలాంటి మచ్చు ముక్కలే ఉంటాయి. వాటిని నీడిల్స్ అంటారు. ఒక్కో నీడిల్‌లో ఒక బొమ్మ, దానికి జతగా ఒక చిన్న జేసన్ ఫైలు. బొమ్మలో ఏ భాగాన్ని పోల్చాలో ఆ ఫైలులో గళ్లు గీసినట్టు కొలతలు రాసి పెడతారు. ఎంత శాతం కలిస్తే సరిపోయినట్టో కూడా అందులోనే ఉంటుంది.

ఆ గడి ఎక్కడ గీయాలన్నదే అసలు పనితనం. డెస్క్‌టాప్ మూల గడియారం ఉందనుకో. దాన్ని కూడా గడిలో కలిపేస్తే నిమిషం మారగానే పరీక్ష తప్పుతుంది. కాబట్టి గడియారాన్ని వదిలి మెనూ బటన్ చుట్టూ గీస్తారు. గడి మరీ చిన్నదైతే తప్పు తెర కూడా పాసైపోతుంది. డెస్క్‌టాప్ రంగులు మార్చిన రోజున, లోపల ఏ తప్పూ లేకపోయినా ఒక్కసారిగా బోలెడు పరీక్షలు ఎర్రబడతాయి, అంటే తప్పినట్టు చూపిస్తాయి. అప్పుడు ఒక మనిషి కూర్చుని, పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూసి, ఇది తప్పు కాదు, మార్పు అని తేల్చి కొత్త నీడిల్ చేయాలి. ఆ ఓపికని నేను చాలా గౌరవిస్తాను.

గ్యారంటీ సంగతి అడిగావు. రాతపూర్వకంగా ఏ వారంటీ లేదని లైసెన్స్‌లోనే ఉంటుంది. కానీ పరీక్షల ఫలితాలు దాచరు. ఏ మెట్టు దగ్గర ఆగింది, ఆ క్షణంలో తెర ఎలా ఉంది, చివరికి ఆ పరీక్ష నడిచిన వీడియోతో సహా ఎవరైనా బ్రౌజర్‌లో చూడొచ్చు. ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం వాళ్లు కూడా ఓపెన్‌క్యూఏనే వాడతారు. డెబియన్ అనే మరో రకంలో ఆటోపీకేజీటెస్ట్ అని ఇంకో పద్ధతి ఉంది. ఒక ప్యాకేజీ, అంటే వ్యవస్థలోని ఒక సాఫ్ట్‌వేర్ ముక్క, మారితే దానికే కాదు, దాని మీద ఆధారపడినవాటికి కూడా పరీక్షలు నడుపుతారు. ధైర్యంగా వేసుకో. ప్రాజెక్టు ఫైళ్లకు మాత్రం ఇంకో కాపీ ఉంచుకో.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు, డీటీపీ సెంటర్ నడుపుతాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేస్తుంటాను. లినక్స్ అప్‌డేట్ చేశాక తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి, మధ్యలో చుక్కల సున్నాలు వస్తున్నాయి. పాత ఫైళ్లలోనైతే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇన్ని పరీక్షలు చేస్తారంటున్నావు, ఇది వాళ్లకు కనపడలేదా?

జవాబు: చెల్లెమ్మా, నీవి రెండు వేరువేరు జబ్బులు. పాత ఫైళ్లలో ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయంటే అవి బహుశా అను ఫాంట్లలో చేసినవి. ఆ రోజుల్లో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టేవారు. ఫాంట్ లేకపోతే లోపలున్న ఇంగ్లిష్ బయటపడుతుంది. దాంట్లో అప్‌డేట్ తప్పేమీ లేదు. యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఉండే పద్ధతిలోకి, మార్చుకుంటేనే శాశ్వతంగా తీరుతుంది.

చుక్కల సున్నా మాత్రం అసలైన తప్పే. యూనికోడ్‌లో 'జ్ఞా' అంటే నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వాటిని కలిపి వత్తుగా మలిచే పని లినక్స్‌లో ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే ఉమ్మడి కోడ్‌ది. దానికీ ఫాంట్‌కీ పొత్తు కుదరనప్పుడు, దేనికి అతుక్కోవాలో తెలియని గుణింతం గుర్తు చుక్కల సున్నా మీద కూర్చుంటుంది. 2018 ఫిబ్రవరిలో ఇదే 'జ్ఞా', మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కి ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్ మూసుకుపోయేది. 11.2.6తో సరిచేశారు. మనం పలకమీద దిద్దే అక్షరం అది!

కనపడలేదా అన్నావు. గడి గీసిన చోటే యంత్రం చూస్తుంది, గీయని చోట గుడ్డిది. కర్నూలు బుధవారపేటలో పన్నెండు పాత కంప్యూటర్లతో నేను పిల్లలకు క్లాసులు చెబుతాను. 2019లో ఒకరోజు అప్‌డేట్ చేశాక, పేరులో 'జ్ఞ' ఉన్న ఒక పాప చేయి పైకెత్తి, "మేడమ్, నా పేరు విరిగిపోయింది" అంది. వెళ్లి చూస్తే జ ఒకచోట, దాని పొల్లు ఒకచోట, ఞ ఇంకోచోట. ఆ రోజు ఆ వ్యవస్థ పరీక్షల ఫలితాలు తెరిచి చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. డాక్యుమెంట్ తెరవడం, రెండు ఇంగ్లిష్ మాటలు టైప్ చేయడం, సేవ్ చేయడం, అంతవరకే పరీక్ష. తెలుగు గడి ఎవరూ గీయలేదు. ఎవరు గీయాలి? తెలుగు చదవగలిగినవాళ్లే కదా. ఆ పాప తెరని ఫొటో తీసి, సరిగ్గా ఎలా ఉండాలో ఆమె చేతే కాగితం మీద రాయించి, రెండూ జతచేసి పంపాను. పదకొండు రోజులకు సరిచేశారు.

నువ్వూ అంతే చెయ్యి. 'స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, దుష్ప్రచారం' అని ఒక ఫైలులో రాసి పెట్టుకో. ప్రతి అప్‌డేట్‌కి ముందూ తర్వాతా దాన్ని ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూడు. తేడా వస్తే ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు ముక్కల్లో రాసి, ఫాంట్ పేరు, వెర్షన్ నంబరు చేర్చి పంపు. గీటురాళ్ల ఊరి ఆడపడుచువి, నాణ్యం పట్టడం నీకు కొత్తగా నేర్పాలా!

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కర్నూలు. మా అమ్మాయికి బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. మా మరిది "అది కోడింగ్ కాదు వదినా, ఇక అన్నీ మెషీన్లే టెస్ట్ చేస్తాయి" అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు చేసింది ఆ ఉద్యోగమే. ఈ మాట నాకూ అన్నారు, మా ఇంట్లోనే. యంత్రం పరీక్షించాలంటే ఆ పరీక్షని ఎవరో రాయాలి కదా. ఓపెన్‌క్యూఏ పరీక్షలు ఎక్కువగా పెర్ల్ భాషలో రాస్తారు, అది కోడింగే.

ఇంకో సంగతి చెబుతాను, మీ మరిదిగారికి కూడా చెప్పండి. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో అది ఉంది. టంబుల్‌వీడ్‌లోకీ, డెబియన్‌లో ఇంకా తయారీలో ఉండే అన్‌స్టేబుల్ వెర్షన్‌లోకీ వచ్చేసింది కూడా. ఆటోమేటిక్ పరీక్షలు పట్టుకోలేదు, ఎందుకంటే పైకి అన్నీ సరిగానే పనిచేస్తున్నాయి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వేగం కొలుస్తూ, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి, అంటే దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లడానికి, దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదలకుండా తవ్వుకుంటూ పోయి, మార్చి 29న విషయం బయటపెట్టాడు. మీ అమ్మాయి నేర్చుకోబోయేది ఆ వదలకపోవడమే. మొదటి ఏడాది చిన్న పనులే ఇస్తారు, నిరుత్సాహపడొద్దని చెప్పండి. ఉద్యోగంలో చేరేలోపు పెర్ల్ కాకపోయినా పైథాన్ కొంచెం చూసుకుంటే మంచిది.

ప్రశ్న: నేను ఆదోనిలో రిటైరైన లెక్కల మాస్టారిని. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలమ్మా?

జవాబు: మాస్టారూ, ఓపెన్‌సూసేలో డిస్క్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్లు దాచే పద్ధతిలో ఉంటే స్నాపర్ అనే సాధనం అప్‌డేట్‌కి ముందు వ్యవస్థ ఎలా ఉందో గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తునీ స్నాప్‌షాట్ అనే అంటారు. కరెంటు వచ్చాక సరిగా తెరుచుకోకపోతే, బూట్ మెనూలో స్నాప్‌షాట్ల వరుసలోకి వెళ్లి ముందటిది ఎంచుకోండి. అది బాగా తెరుచుకుందని చూసుకున్నాక, టెర్మినల్‌లో అడ్మిన్ హోదాలో స్నాపర్ రోల్‌బ్యాక్ ఆదేశం ఇచ్చి రీస్టార్ట్ చేయండి. మీ సొంత ఫైళ్లు మామూలుగా ఆ స్నాప్‌షాట్‌లో ఉండవు, వాటికి పెన్‌డ్రైవ్‌లో కాపీ తప్పనిసరి. మీరు రాసిన లెక్కల నోట్సు ఉందన్నారు కదా, ఈ రోజే కాపీ చేసేయండి.