ప్లగ్గు తీసినా పోని కరెంటు

ప్రశ్న: మాస్టారూ, మా మేనమామ వాయించిన గిటారుతోపాటు ఆయన పాత ట్యూబ్ యాంప్లిఫయర్ కూడా నాకొచ్చింది. లోపల రెండు 6వి6 ట్యూబులున్నాయి. ప్లగ్గుకు రెండే పిన్నులు. ఆన్ చేస్తే గుయ్‌మని ఒకటే మోత, పది నిమిషాలకు ఫ్యూజు పోతోంది. ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసిన అనుభవం ఉంది. నేనే విప్పొచ్చా? ప్లగ్గు తీసేస్తే ఇక భయం లేదుగా?

జవాబు: విప్పొచ్చు. కానీ మీ చివరి వాక్యం చదివాక నాకు టెన్షన్ వచ్చింది, అందుకే ముందు దాని సంగతి రాస్తాను. ట్రాన్సిస్టర్ రేడియోలో మీరు చూసింది 6, 9 వోల్టులు. ఈ పెట్టెలో ట్యూబుల ప్లేట్లకు (లోపలి లోహపు రేకులకు) 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ వెళ్తుంది. ఆ డీసీలో ఒడుదొడుకులను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా ఆ చార్జిని పట్టుకుని ఉంటాయి. కొన్ని యాంప్లిఫయర్లలో దాన్ని ఖాళీచేసే రెసిస్టర్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉన్నా తెగిపోయి ఉండొచ్చు. ట్యూబులు పీకి పరీక్షించినప్పుడైతే ఆ చార్జికి పోయే దారి ఉండదు, ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మీటరు పెట్టి చూశాను, ముల్లు కదల్లేదు. సున్నా అనుకుని చెయ్యి పెట్టాను. సుత్తితో కొట్టినట్టు దెబ్బ తగిలింది. తర్వాత చూస్తే మీటరు నల్ల తీగ ప్రోబు దగ్గర లోపల తెగి ఉంది, పైతొడుగు మాత్రం చక్కగా ఉంది. అప్పుడు నా మణికట్టు షాసీ (భాగాలన్నీ బిగించి ఉండే లోహపు చట్రం) అంచుకు ఆని ఉంది కాబట్టి కరెంటు వేలి నుంచి మణికట్టులోకి పోయింది. ఎడమచెయ్యి షాసీ మీద ఉండి ఉంటే గుండె మీదుగా పోయేది. ఆ రోజు నుంచి రెండో చెయ్యి వీపు వెనకే. మీటరును ముందు 9 వోల్టుల బ్యాటరీ మీద చూస్తాను, తర్వాత కెపాసిటర్ మీద, మళ్లీ బ్యాటరీ మీద. మూడూ సరిపోతేనే ఆ సున్నాను నమ్ముతాను. మీ మీటరు, తీగలు 1000 వోల్టులకు తగినవై ఉండాలి.

ఖాళీ చేయడానికి 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు తీగలు కలిపి, ఇన్సులేషన్ తొడుగున్న క్లిప్పులు పెట్టుకోండి. ముందు షాసీకి తగిలించండి, తర్వాత ఒంటిచేత్తో కెపాసిటర్ ప్లస్ వైపుకు. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మూడు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. నేను నిమిషం ఆగుతాను, తర్వాత ప్రతి కెపాసిటర్‌నూ విడివిడిగా కొలుస్తాను. క్లిప్పు తీసేస్తే కొంచెం వోల్టేజి మళ్లీ పైకి లేస్తుంది కాబట్టి పని అయ్యేదాకా ఉంచి, ఆన్ చేసే ముందు గుర్తుపెట్టుకుని తీయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్లను చూసి నేర్చుకోకండి. నిప్పురవ్వలు లేస్తాయి, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది.

రెండు పిన్నుల ప్లగ్గుతో అసలు వాడకండి. అలాంటి చాలా పాత యాంప్లిఫయర్లలో మెయిన్స్ తీగ నుంచి షాసీకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది షార్ట్ అయితే గిటారు తంత్రులకే కరెంటు వస్తుంది. ఆ కెపాసిటర్‌ను తీసేసి, మూడు పిన్నుల తీగ వేసి, ఎర్తును షాసీకి బోల్టుతో గట్టిగా బిగించండి.

ఇక ఫ్యూజు. దాని స్థానంలో పెద్దది వేయొద్దు. పాత రకం ఫిలమెంటు బల్బు, 100 వాట్లది, మెయిన్స్‌కు వరసలో (సిరీస్‌లో) కలిపి ఆన్ చేయండి (ఎల్‌ఈడీ పనికిరాదు). కాసేపు వెలిగి మందగిస్తే పెద్ద షార్ట్ లేనట్టు. కాంతి తగ్గకపోతే ప్లగ్గు తీసి, ట్యూబులు చల్లారాక రెండు 6వి6లనూ పీకి మళ్లీ చూడండి. అప్పుడు మందగిస్తే లోపం ట్యూబుల్లోనో వాటి బయాస్‌లోనో (ట్యూబులో కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ వోల్టేజిలోనో) ఉంది. స్పీకరు మాత్రం ఎప్పుడూ తగిలించే ఉండాలి, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

పది నిమిషాలు ఆగి ఫ్యూజు పోతోందంటే నా అనుమానం కప్లింగ్ కెపాసిటర్ మీద, అంటే డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే 6వి6కు పంపేదాని మీద. అది వేడెక్కి లీకైతే 6వి6 గ్రిడ్‌కు ప్లస్ వోల్టులు చేరతాయి, ట్యూబు అదుపు తప్పుతుంది. బల్బు పరీక్ష బాగుంటే బల్బును తీసేసి, గదిలో లైటు ఆర్పి ట్యూబులను గమనించండి. ఫిలమెంటు నారింజ వెలుగు మామూలే. దాని చుట్టూ ఉండే బూడిదరంగు ప్లేటు ఎర్రబడటం మొదలైతే వెంటనే ఆపేయండి. మోతకు కారణం చాలావరకు ముసలివైన ఫిల్టర్ కెపాసిటర్లే. కొత్తవి వేసేటప్పుడు వోల్టేజి రేటింగు తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారైతే పేలతాయి.

కరెంటు ఉండగా ఏదైనా కొలవాల్సివస్తే ఇంట్లో ఒకరిని తోడు ఉంచుకుని, మెయిన్ స్విచ్చి ఎక్కడుందో ముందే చూపించండి. 6వి6లు పీకాక బల్బు ఎలా వెలిగిందో నాకు రాయండి, మిగతాది అక్కణ్నుంచి చూద్దాం.