ట్రోలింగ్‌లో దారం మెలిపడటానికి అసలు కారణం, పరిష్కారం

ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సులో వాలై చేపల కోసం ట్రోలింగ్ చేస్తూ, అంటే నడిచే పడవ వెనక స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) లాగుతుంటే, మోనో దారం (ఒంటిపోగు నైలాన్ గాలపు దారం) మెలిపడి, దాన్ని చుట్టే రీల్‌లో ఉండలు కడుతోందని అడిగారు కదా. దారం మార్చకండి, ముందు స్పూన్ చూడండి. పడవ నడుస్తుండగానే దాన్ని పక్కన నీళ్లలోకి దించండి. అటూ ఇటూ ఊగితే మంచిదే. గిరగిరా తిరిగిపోతుంటే మాత్రం వేగం ఎక్కువైంది, లేదా స్పూన్ వంగింది. గంటకు 2 నుంచి 2.5 మైళ్ల దగ్గర మళ్లీ చూడండి.

తర్వాత స్వివెల్, అంటే మెలిక పడకుండా దారానికీ ఎరకూ మధ్య కట్టే, తిరిగే చిన్న లోహపు ముక్క. చవకగా దొరికే మామూలు బ్యారెల్ స్వివెల్ బరువు పడితే బిగుసుకుపోతుంది, ఇక తిరగదు. బాల్ బేరింగ్ స్వివెల్ కొనండి, దానికీ స్పూన్‌కూ మధ్య 4, 5 అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్లలో అంతగా కనబడని దారపు ముక్క) కట్టండి. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు.

మీది స్పిన్నింగ్ రీల్ (కదలని స్పూల్ చుట్టూ దారం చుట్టే రకం) అయితే ఇంకో జాగ్రత్త. చేప లాగుతూ డ్రాగ్ (దారాన్ని జారనిచ్చే బ్రేక్) జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పితే, 5:1 రీల్‌లో హ్యాండిల్ ఒక్కో చుట్టుకు 5 మెలికలు పడతాయి. ఆ క్షణంలో చెయ్యి ఆపడం కష్టమే, కానీ ఆపాలి. ట్రోలింగ్‌కు లైన్ కౌంటర్ రీల్ (ఎంత దారం వదిలామో చూపే, స్పూలే తిరిగే రకం) ఉంటే ఈ బాధ ఉండదు.

ఇప్పటికే పడ్డ మెలికలకు: కొస నుంచి స్పూన్, స్వివెల్ అన్నీ తీసేసి, ఉత్త దారాన్ని పడవ వెనక ఓ వంద గజాలు వదలండి. కొన్ని నిమిషాలు నెమ్మదిగా లాగితే మెలికలు విడిపోతాయి. చుట్టేటప్పుడు దారాన్ని తడిగుడ్డతో రెండు వేళ్ల మధ్య బిగువుగా పట్టుకోండి.