చిన్న బ్రాకిష్ (కొద్దిగా ఉప్పున్న నీళ్ల) ట్యాంకులో ఏ మొక్కలు నిలబడతాయి?

మీది 40 లీటర్ల ట్యాంకు, చేపలు బంబుల్‌బీ గోబీలు, స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోలిస్తే నీళ్ల బరువు, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) 1.005 పెడదామనుకుంటున్నారు, ప్లాస్టిక్ మొక్కలు వద్దంటున్నారు. మొక్కల పేర్ల కంటే ముందు ఆ 1.005 సంగతి తేల్చుకోండి. గోబీలకు 1.003 చాలు. మొక్కలకు మాత్రం ఈ రెంటికీ మధ్య చాలా తేడా ఉంది. 1.003 అంటే దాదాపు 4 పీపీటీ ఉప్పు, అంటే లీటరుకు 4 గ్రాములు. అక్కడ అరడజను రకాలు బతుకుతాయి. 1.005 దగ్గర రెండు మూడు రకాలే మిగులుతాయి, అవీ నత్తనడకన పెరుగుతాయి. 1.008 దాటితే మంచినీటి మొక్కల మీద ఆశ వదులుకోవడమే.

ఉప్పు సముద్రపు ట్యాంకులకు అమ్మే మెరైన్ సాల్టే కావాలి. వంట ఉప్పులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం, పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు అందులో ఉండవు. ఇసుక, రాళ్లు పోగా మీ ట్యాంకులో నీళ్లు 34 లీటర్లు ఉంటాయనుకుందాం. మెరైన్ సాల్టులో కొంత తేమ ఉంటుంది కాబట్టి 1.003 కోసం లీటరుకు 4.5 గ్రాములు లెక్కేసుకోండి, మొత్తం 150 గ్రాములు. దాన్ని ఒకేసారి వేయకూడదు. వారానికి 50 గ్రాముల చొప్పున మూడు వారాలు, ప్రతిసారీ బకెట్‌లో పూర్తిగా కరిగించి పోయాలి.

ఇంత నెమ్మది ఎందుకంటే, బయట ఉప్పు ఒక్కసారిగా పెరిగితే ఆకు కణాల్లోంచి నీళ్లు బయటికి పోతాయి. ఆకు గాజులా పారదర్శకంగా మారి రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. ఆ మొక్క ఉప్పుకు పనికిరాదని జనం తీర్మానించేస్తారు. చాలాసార్లు తప్పు ఉప్పుది కాదు, తొందరది. పైగా నర్సరీలు చాలా మొక్కల్ని నీటి బయటే పెంచి అమ్ముతాయి. నీళ్లలో మునగగానే వాటి పాత ఆకులు ఎలాగూ పోతాయి. అందుకే ముందు మంచినీళ్లలోనే నాటి, మూడు నాలుగు వారాలు ఆగి, కొత్త ఆకులు వచ్చాకే ఉప్పు మొదలుపెట్టండి.

మీకు నేను మొదట చెప్పేది జావా ఫెర్నే. 1.005 దాకా కూడా నమ్మదగింది. దాని దుంపకాండాన్ని ఇసుకలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. రాయికో చెక్కకో నూలుదారంతో కట్టండి, లేదా సూపర్‌గ్లూ జెల్ ఒక చుక్క పెట్టి అదిమి పట్టుకోండి. ఆకు అడుగున వరసగా కనిపించే గోధుమరంగు బుడిపెలు జబ్బు కాదు, సిద్ధబీజాల గుత్తులు. కత్తిరించకండి. ఆకులన్నీ రాలినా కాండాన్ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది, మెత్తబడితే ఆ ముక్క కోసి పారేయండి.

అనూబియాస్ నానాను కూడా ఇలాగే కట్టాలి. నేరుగా వెలుతురు పడితే దాని ఆకుల మీద పాచి పట్టేస్తుంది, కాబట్టి ఫెర్న్ నీడలో పెట్టండి. ఇసుకలో నాటడానికి సాజిటేరియా సుబులాటా, వాలిస్నేరియా బాగుంటాయి. వాలిస్నేరియా నీళ్లలోని బైకార్బొనేట్‌ను వాడుకోగలదు కాబట్టి పీహెచ్ 8 దగ్గరున్న గట్టి నీళ్లు దానికి ఇబ్బంది కావు. సీసాల్లో అమ్మే లిక్విడ్ కార్బన్ మాత్రం పోయకండి, దానికి వాలిస్నేరియా కరిగిపోతుంది. క్రిప్టోకోరైన్లలో సిలియాటా ఒక్కటే అడగండి, అది సహజంగానే ఆటుపోట్లు తగిలే చోట పెరిగే మొక్క. బాగా ఎత్తు ఎదుగుతుంది, మీ ట్యాంకుకు వెనక మూలన ఒక్కటి చాలు, వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల ఒకటి గుచ్చండి. జావా నాచు 1.003లో ఫరవాలేదు. కబోంబా, రొటాలా లాంటివి కొనకండి.

మడ మొక్కలు చూడముచ్చటగా ఉంటాయి, సముద్రపు నీటంత ఉప్పునైనా తట్టుకుంటాయి. కానీ ఆకులు నీటిపైనే ఉండాలి, బలమైన వెలుతురు కావాలి, వేళ్లు చిన్న ట్యాంకును త్వరలోనే నింపేస్తాయి. 40 లీటర్లకు నేను సలహా ఇవ్వను.

సోడియం ఎక్కువైతే మొక్క పొటాషియం తీసుకోవడం కష్టమవుతుంది. పాత ఆకుల్లో సూదితో పొడిచినట్టు రంధ్రాలు వస్తుంటే పొటాషియం ఉన్న ద్రవ ఎరువు సగం మోతాదులో మొదలుపెట్టండి. లైటు రోజుకు ఏడు గంటలు మించొద్దు. ఎదుగుదల నెమ్మదిగా ఉన్నచోట మిగిలిన వెలుతురంతా పాచికే పోతుంది.

చిన్న ట్యాంకుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గిన మట్టాన్ని ఉప్పునీటితో నింపుతూ పోతే కొన్ని వారాల్లో మీకు తెలియకుండానే 1.005 దాటేస్తారు. గాజు మీద టేపుతో గీత పెట్టి, రోజూ అక్కడిదాకా క్లోరిన్ లేని మంచినీళ్లే పోయండి. ఉప్పు కలిపేది వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడే: 7 లీటర్లు తీస్తే, 30 గ్రాములు కరిగించిన 7 లీటర్లు పోయాలి. ఉప్పు ఎంతుందో కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ మేలు, డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోండి. ముల్లు తిరిగే హైడ్రోమీటరే ఉంటే ముల్లుకు అంటుకున్న గాలిబుడగలు తట్టి వదిలించాకే చదవండి, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.