పరిగెత్తలేకపోయినా పార్క్‌రన్‌కి వెళ్లండి

"లండన్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి మూడు నెలలకు వెళ్తున్నాం. అక్కడ ప్రతి శనివారం పార్కులో ఐదు కిలోమీటర్ల పరుగు ఉంటుందట. నాకు 61 ఏళ్లు, నడవగలను గానీ పరిగెత్తలేను. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లని రానిస్తారా? ఫీజు ఎంత?" అని అడిగారు. రానిస్తారండీ. ఫీజు లేదు. నడిచేవాళ్లు ప్రతి వారం ఉంటారు. తప్పకుండా వెళ్లండి.

దాన్ని పార్క్‌రన్ అంటారు. 2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. మొదలుపెట్టిన పాల్ సింటన్-హ్యూయిట్ అప్పుడు గాయమై పరిగెత్తలేని స్థితిలో ఉన్నాడు. తోటి రన్నర్లకి దూరం కాకూడదని, తను నిలబడి టైమ్ చూస్తూ వాళ్లని పరిగెత్తించాడు. పరిగెత్తలేని మనిషి పెట్టిన పరుగు అది. కాబట్టి "నేను పరిగెత్తలేను కదా" అన్న సంకోచం పెట్టుకోకండి.

మాది విశాఖ. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. అమ్మాయి వాళ్లు లండన్‌లోని హౌన్స్‌లో అనే చోట ఉంటారు. వెళ్లిన మొదటి రెండు వారాలు నిజంగా కష్టంగా గడిచాయి. వాళ్లిద్దరూ ఆఫీసుకి, మనవడు బడికి వెళ్లిపోతే ఇంట్లో నేనూ మా ఆవిడా మిగిలేవాళ్లం. ఇక్కడ బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే నాలుగడుగులకొకరు "ఏం మాస్టారూ" అంటారు. అక్కడ గంట నడిచి వచ్చినా పలకరించే మనిషి లేడు. నా ముఖం చూసి అల్లుడే పార్క్‌రన్‌లో నా పేరు రిజిస్టర్ చేయించాడు.

మొదటి శనివారం 111 నంబరు బస్సెక్కి బుషీ పార్కుకి వెళ్లాం. ఇంగ్లండ్‌లో సరిగ్గా తొమ్మిదికి మొదలుపెడతారు, కాస్త ముందే ఉండాలి. మీవాళ్లు స్కాట్లాండ్‌లో ఉంటే తొమ్మిదిన్నర. కొత్తగా వచ్చినవాళ్లందరినీ ఒక పక్కకి పిలిచి దారి ఎటు, ఎక్కడ మలుపు అన్నీ చెప్తారు. ఆ ఐదు నిమిషాలు మాత్రం వదులుకోకండి. తర్వాత వందల మంది ఒక్కసారిగా కదిలేసరికి నాకు గుండె దడదడలాడింది. వెనక్కి జరిగి నిలబడండి, అంతే. రెండు నిమిషాల్లో ముందువాళ్లు ముందుకి వెళ్లిపోతారు, మన నడక మనకి మిగులుతుంది.

అందరికన్నా వెనక టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ నడుస్తారు. మెరిసే జాకెట్ వేసుకుని ఉంటారు. ఎవరెంత నెమ్మదిగా నడిచినా వాళ్లని దాటి ముందుకి వెళ్లరు, అంటే ఆఖరి స్థానం ఎప్పుడూ వాళ్లదే. ఆ రోజు నా పక్కన నడిచినావిడకి డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. నాది తెలుగు మీడియం ఇంగ్లీషు. మాట వెతుక్కుంటుంటే ఆగి వినేది. ఊరి పేరు అడిగితే విశాఖపట్నం అన్నాను. రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి నన్ను ముక్కలుగా చెప్పమని, ఒక్కో అక్షరం నా వెంట పలికింది. ఇంతలో చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది. చుక్కల జింకల గుంపు ఒకటి మాకు కాస్త దూరంలో దారి దాటుతోంది. పిల్ల జింక ఒకటి వెనకబడి, దారి మధ్యలో నిలబడి మా వైపు చూసి, ఒక్క గెంతు వేసి తల్లి దగ్గరికి పోయింది. ఆ పార్కులో జింకలకి కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలని నియమం, ముద్దొస్తున్నాయని దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. గంటా నాలుగు నిమిషాలకి నేను చివరికి చేరేసరికి అక్కడ మిగిలినవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. కళ్లు చెమర్చాయండీ. స్కూల్లో వీడ్కోలు సభ తర్వాత నాకు చప్పట్లు వినబడింది మళ్లీ అప్పుడే.

ఆ రోజు ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. రిజిస్టర్ చేసుకున్నప్పుడు మనకో బార్‌కోడ్ ఇస్తారు. చివరి గీత దాటగానే చేతిలో చిన్న టోకెన్ పెడతారు. ఆ టోకెన్‌నీ మన బార్‌కోడ్‌నీ కలిపి స్కాన్ చేస్తేనే మన పేరు మీద టైమ్ వస్తుంది. నా బార్‌కోడ్ మెయిల్‌లో ఉంది, పార్కులో ఫోన్‌కి నెట్ రాలేదు. బార్‌కోడ్ లేకపోతే రిజల్ట్ లేదు, అందరికీ అదే రూలు. ఫలితాల్లో నా స్థానం ఎదురుగా పేరు లేకుండా "అన్‌నోన్" అని పడింది. చిన్న విషయమే గానీ ఆ సాయంత్రమంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. అందుకని బార్‌కోడ్ ప్రింట్ తీయించి జేబులో పెట్టుకోండి. రిజిస్టర్ చేసేటప్పుడు అత్యవసర ఫోన్ నంబరు అడుగుతారు, అక్కడ మీ ఇండియా నంబరు కాదు, మీ అబ్బాయి లండన్ నంబరు ఇవ్వండి. టోకెన్ మాత్రం తిరిగి ఇచ్చేయాలి, పొరపాటున ఇంటికి తెచ్చుకోకండి.

బట్టల గురించి టెన్షన్ వద్దు. నేను మామూలు ప్యాంటు, స్వెట్టర్‌తోనే నడిచాను. బూట్లు మాత్రం ఇక్కడ అలవాటైనవే తీసుకెళ్లండి. దారిలో నీళ్లు ఇస్తారనుకోకండి, సీసా మీ దగ్గరే ఉంచుకోండి.

మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఐదు కిలోమీటర్లు నడవలేదు. మూడో వారం నుంచి వాలంటీరుగా ఒక మలుపు దగ్గర నిలబడింది. వచ్చేవాళ్లకి చెయ్యి చూపించి దారి చెప్పడం, చప్పట్లు కొట్టడం, అంతే పని. "వెల్‌డన్" అన్న ఒక్క మాటతో గంటసేపు నడిపేసింది. ఇంటికొచ్చాక ఎవరు కుక్కతో వచ్చారు, ఎవరు బిడ్డని బండిలో తోసుకుంటూ పరిగెత్తారు అన్నీ అమ్మాయికి ఫోటో తీసినట్టు చెప్పేది. మీ ఆవిడనీ తీసుకెళ్లండి, ఇంట్లో వదిలేసి వెళ్లకండి.

మనవలుంటే ఇంకో మాట. కొన్ని పార్కుల్లో ఆదివారం పొద్దున 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకి రెండు కిలోమీటర్లది వేరే ఉంటుంది. మా వాడు దానికి వెళ్లేవాడు. శనివారం దానికి వస్తే మాత్రం పదకొండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల చేతికి అందేంత దగ్గరలోనే ఉండాలి.

బార్‌కోడ్ నంబరు ఒకసారి వస్తే ఎప్పటికీ అదే. ఏ దేశంలో పార్క్‌రన్‌కి వెళ్లినా పనికొస్తుంది. మేం మళ్లీ మే నెలలో వెళ్తున్నాం. మా ఇద్దరి కార్డులకీ లామినేషన్ చేయించి పాస్‌పోర్టు కవర్లో పెట్టేశాను.