కొత్తగా టీచరైన బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

సిరోంచ తాలూకాలోనే జిల్లా పరిషత్ బడికి పోస్టింగ్ వచ్చిందని తెలిసి చాలా సంతోషమైంది. ఆడ మగ తేడా చూపకుండా పిల్లలతో ఎట్లా మాట్లాడాలని అడిగావు. ట్రైనింగ్‌లో పెద్ద పెద్ద మాటలు చెప్పే ఉంటారు. నేను బడిలో రోజూ పనికొచ్చేవే చెప్తా.

ముందు మరాఠీ సంగతి. మనది మహారాష్ట్ర కదా, మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగులో "నేను పోతున్న" అని ఎవరైనా అనొచ్చు. మరాఠీలో అబ్బాయైతే "మీ జాతో", అమ్మాయైతే "మీ జాతే" అనాలి. ఒకటో తరగతి పిల్లాడు తడబడి "మీ జాతే" అంటాడు. వెనక నుంచి "పోరి, పోరి" (ఆడపిల్ల) అని ఒకటే నవ్వులు. ఇక వాడు వారం దాకా నోరు తెరవడు. వాడి తప్పు దిద్దడానికి నిమిషం చాలు. "జాతో అనాలి నాయనా" అని మామూలుగా చెప్పి, ఇంకో ఇద్దరితో కూడా అనిపించి పాఠంలోకి పో. నవ్విన వాళ్లను మాత్రం తర్వాత పక్కకు పిలిచి, పోరి అంటే తిట్టా అని అడుగు. ఆ నవ్వు విన్నవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు కదా. తమ పేరు చెప్పి ఇంకొకరిని ఏడిపిస్తుంటే వాళ్లకెట్లా ఉంటుంది?

మన నోటి సంగతీ చూసుకోవాలి. అల్లరి పిల్లాణ్ణి "వెధవా" అనడం టీచర్లకు ఊతపదం. అది విధవ అనే మాటలోంచి పుట్టిన తిట్టు. భర్త పోయిన తల్లుల పిల్లలు ఏ తరగతిలోనైనా ఉంటారు. మన రాష్ట్రంలోనే కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ 2022 మేలో, భర్త చనిపోతే బొట్టు చెరిపే, గాజులు పగలగొట్టే ఆచారం వద్దని తీర్మానం చేసింది. మిగతా పంచాయతీలూ అదే బాట పట్టాలని ప్రభుత్వం కోరింది. ఊరు ఆచారమే మానుకుంది, మనం ఒక తిట్టు మానుకోలేమా? "గాజులు తొడుక్కున్నావా", "ఆడపిల్లలా ఏడుపేంటి" అనేవీ అంతే. నడకో గొంతో చూసి ఎవరినైనా "కొజ్జా" అని ఏడిపిస్తే అసలు ఊరుకోకు. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును సుప్రీంకోర్టే 2014లో ఒప్పుకుంది.

మాట మారినా పని పంచడం మారకపోతే అంతా గంగపాలే. ఊడవడానికి అమ్మాయిలు, బెంచీలు జరపడానికి అబ్బాయిలు అనకుండా హాజరు నంబర్ల ప్రకారం పిలువు. అయితే ఇందులో ఒక చిక్కుంది. చాలా బళ్లలో పట్టీలో ముందు అబ్బాయిల పేర్లు, కింద అమ్మాయిల పేర్లు రాస్తారు. అప్పుడు 1 నుంచి 5 అంటే అందరూ అబ్బాయిలే. అందుకని జూన్‌లోనే పేర్లు అక్షరక్రమంలో రాసుకో. 2019లో వచ్చిన రెండో తరగతి బాలభారతి (మన రాష్ట్ర పాఠ్యపుస్తకం)లో అమ్మానాన్నా ఇద్దరూ కూర్చుని ఆకుకూర బాగుచేసే బొమ్మ వేశారు. దాన్ని చూపించి, ఇంట్లో ఎవరు చేస్తారని అడుగు. పిల్లలే మాట్లాడతారు. (స్టాఫ్‌రూంలో టీ పెట్టే పని నీకే అంటగడతారు, చూస్తుండు. వంతులు వేద్దామని మొదటి వారమే చెప్పెయ్.)

"డాక్టర్ వచ్చారు, నర్సు వచ్చింది" అంటాం. ఇద్దరికీ "వచ్చారు" అంటే సరిపోతుంది. జెండా పండుగనాడు సర్పంచ్ వస్తే ఆమెనే మైకులో పిలువు, ఆమె భర్తను కాదు. రైతు అంటే చాలు, రైతన్న అనక్కర్లేదు. మన దగ్గర నాట్లు వేసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. కొత్తగా నోరు తిరగని సంస్కృతం మాటలు మాత్రం పుట్టించకు, పిల్లలు నవ్వుతారు. ఊళ్లో ముసలమ్మ "మా కోడలు వచ్చింది" అంటే దిద్దబోకు. ఆమె ప్రేమగా అంటుంది, నువ్వు దిద్దితే రేపటి నుంచి నీతో మాట్లాడదు.

ఫారాల్లో తండ్రి పేరు ఒక్కటే అడిగి వదిలెయ్యకు. 2024 మే 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లల పేరు ఇక్కడ మొదట తమ పేరు, తర్వాత తల్లి పేరు, ఆపైన తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరసలో రాస్తారు. 2030 ప్రాంతంలో వాళ్లు నీ ఒకటో తరగతిలోకి వస్తారు. అలవాటు ఇప్పటి నుంచే చేసుకో.

పేరెంట్స్ మీటింగ్ నోటీసులో "తల్లులు తప్పక రావాలి" అని రాయకు, "తల్లి గానీ తండ్రి గానీ" అని రాయి. టైం సాయంత్రం పెట్టు. నాట్ల రోజుల్లో పొద్దున ఎవరూ రారు.

నీ పెద్దమ్మ
సిరోంచ