చెట్టుకు అంత బరువు ఎక్కడిది?

చిట్టితల్లీ,

"బయాలజీ అంతా బట్టీయే తాతయ్యా, టెన్షన్‌గా ఉంది" అని మొన్న ఫోన్‌లో అన్నావు. ముప్పై ఏళ్లు ఆ పాఠాలే చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నా.

మొదట్లో నేనూ నిర్వచనాలు వల్లె వేయించినవాణ్ణే. ఒకరోజు క్లాసులో ఫస్టు వచ్చే పిల్లాణ్ణి, "గింజ చూస్తే ఇంతే, చెట్టుకు అంత బరువు ఎక్కడ్నుంచి వచ్చింది?" అని అడిగాను. "మట్టిలోంచి సార్" అన్నాడు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాసే పిల్లాడు! తప్పు వాడిది కాదు, నాది.

ఈ ప్రశ్న వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్తని కూడా తొలిచింది. 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి తగ్గింది 2 ఔన్సులే! నీరే చెట్టయిందని తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో అది అచ్చయింది. తమాషా ఏమిటంటే 'గ్యాస్' అన్న మాట పుట్టించింది ఆయనే, అయినా చెట్టు చుట్టూ ఉన్న గాలి లెక్కలోకి రాలేదు. ఎండిన కట్టె బరువులో చాలా భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. ఇది తెలిశాక, వెలుతురులో కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి చక్కెర, ఆక్సిజన్ అవుతాయనే ఆ సమీకరణాన్ని మళ్లీ చూడు, బట్టీ అక్కర్లేదు.

ఏ పాఠం తీసినా ఇలాగే అడుగు: ఇది ఎక్కడ్నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది?

ఒళ్లు తగ్గినవాళ్ల కొవ్వు ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితోనే బయటికి పోయింది. అంటే శ్వాసక్రియ ఊపిరితిత్తుల్లో ఆగదు, అసలు పని కణాల్లో జరుగుతుంది. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయి" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాసేవారు. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. వెలుతురు బాగా ఉన్నప్పుడు మొదటి పని జోరుగా సాగుతుంది కాబట్టి ఆక్సిజన్ మిగిలి బయటికొస్తుంది, అంతే.

గుండె పాఠమూ అంతే. "ధమనుల్లో మంచి రక్తం" అని నేర్చుకుంటే పుపుస ధమని దగ్గర బోల్తా పడతావు, అది ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. దారిని పట్టుకో, రంగుని కాదు.

కణ విభజనకు లెక్క చాలు. మన కణంలో 46 క్రోమోజోములు. ఒళ్లు పెరిగేటప్పటి సమవిభజన అయితే పిల్ల కణాల్లోనూ 46, అండం, శుక్రకణం తయారయ్యే క్షయకరణ విభజన అయితే 23. అండం, శుక్రకణం కలిస్తే మళ్లీ 46. దశల పేర్లు ఆ తర్వాత వాటంతటవే గుర్తుంటాయి. ఒకటి రెండు మర్చిపోయినా కొంప మునగదు.

బొమ్మలు మాత్రం పుస్తకం మూసి గీయి, తర్వాత తెరిచి తప్పులు దిద్దుకో. చూసి గీస్తే చెయ్యి తిరుగుతుంది, బుర్రకెక్కదు.

ఆదివారంలోగా గుండె బొమ్మ గీసి ఫోటో పంపు. రంగులు వద్దు, బాణం గుర్తులుంటే చాలు.

తాతయ్య